గంజి వార్చేంతసేపు

సెల్‌ఫోను అనే వస్తువును పిల్లల చేతిలో చూసి సంతోషించే తల్లిదండ్రులు నాకింతవరకు తారసపడలేదు. క్లాసులో చూసి సంతోషించే మాష్టర్లు అసలే లేరు. నేను తెలుగు పాఠాలు చెప్పడం మొదలుపెట్టి పద్ధెనిమిదేళ్లయింది. అందులో మొదటి సగం కిటికీ బయటి కాకులతోను, రెండవ సగం ఈ సెల్‌ఫోన్లతోను పోటీపడుతూ గడిపానని చెప్పవచ్చు. మనుచరిత్రలో ప్రవరుడు హిమాలయాల్లో ఇంటికి దారి తెలియక నానా అవస్థా పడుతూ ఉంటాడా, మూడవ బెంచీ మీద ఒక కుర్రవాడు తల వంచుకుని తనలో తాను నవ్వుకుంటూ ఉంటాడు. ఆ నవ్వు పెద్దనగారి కవిత్వాన్ని చూసి కాదని తెలుసుకోవడానికి ఎమ్మే చదవనక్కరలేదు.

అటువంటి నాకు, పనిగట్టుకుని పిల్లలచేత ఫోన్లు పట్టించే యోగం పట్టింది.

మా కాలేజీలో ఎన్నెస్సెస్ బాధ్యత నాది. గాంధీజీ శతజయంతి సంవత్సరమని 1969లో మొదలుపెట్టిన జాతీయ సేవా పథకం ఇది. ఏటా ఏడు రోజులు పిల్లలను వెంటబెట్టుకుని ఒక పల్లెలో మకాం వేస్తాం. వీధులు ఊడుస్తాం, పిచ్చిమొక్కలు పీకుతాం, సాయంకాలం ఊరేగింపుగా నినాదాలు చేస్తాం. 2024 డిసెంబరులో మా మకాం దివిసీమ వైపు ఒక పల్లెలో పడింది. అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుగారు వయసులో నాకంటే చిన్నవాడు, మాటలో నాకంటే పెద్దవాడు. మేము వెళ్లి నమస్కారం చేసీ చెయ్యకముందే, "వీధులు ఊడ్చింది చాలు మాష్టారూ! మీరు బస్సెక్కిన మర్నాడు అవి మళ్లీ మామూలే. మీవాళ్లకు ఫోన్లున్నాయి, ఊళ్లోవాళ్లకు ఫోన్లున్నాయి. నిమిషం, నిమిషంన్నర నిడివిలో అయిదారు వీడియోలు తీసి పెట్టించండి. నేనెంత అరిచినా నా గొంతు ఈ వరండా దాటదు" అన్నాడు.

ఆరోగ్యాన్ని గురించి ప్రజలకు ప్రబోధం చెయ్యడం క్రొత్త సంగతేమీ కాదు. వెనుకటికి బుర్రకథల్లో చెప్పారు. 1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్‌వారు సినిమాకు ముందు తమ చిన్నచిత్రాలు వేసి చూపించారు. జనం ఆ సమయంలో బయట సోడాలు తాగుతూ ఉండేవారనుకోండి, అది వేరే విషయం. 1975 ఆగస్టు నుంచి 1976 జులై వరకు ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాలలో 2400 పల్లెలకు టెలివిజను చూపించారు. వాటిలో మన పల్లెలూ ఉన్నాయి. అప్పట్లో ఊరందరికీ కలిపి ఒకటే పెట్టె. చెప్పేవాడొకడు, వినేవాళ్లు వేలు. ఇప్పుడలా కాదు. చెప్పేవాళ్లూ వేలే. అబద్ధం చెప్పేవాడికీ నిజం చెప్పేవాడికీ చేతిలో ఉన్నది ఒకే ఫోను, ఖర్చు ఒకటే. 2020లో కరోనా వచ్చినప్పుడు మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ప్రొద్దుటికొక కషాయం, సాయంకాలానికొక ఆవిరి చొప్పున వైద్యాలు దిగేవి. బొప్పాయి ఆకు పసరు ఉండగా డెంగీకి ఆసుపత్రి ఎందుకని చెప్పే వీడియో ఇప్పటికీ ప్రతి వానాకాలం తొలకరితోపాటు తిరిగి వస్తూనే ఉంటుంది. డాక్టరుగారి బాధ అదీ. అబద్ధం ముందుగా ఇల్లు చేరి కుర్చీ వేసుకుని కూర్చుంటున్నది. నిజం వచ్చేసరికి కూర్చోవడానికి చోటుండదు.

సరే, పదిహేనుమంది పిల్లలను మూడు జట్లు చేశాను. వ్రాతపని నా ముందుకు వచ్చింది. మొదటి కాగితం చూసి నాకు కళ్లు తిరిగాయి. "దోమల ఉత్పత్తి స్థానములను నిర్మూలించుటకు ప్రజలందరూ సహకరించవలెనని కోరుచున్నాము" అని ఉంది. వ్రాసినది నా ప్రియశిష్యురాలు. పరీక్షలో నూటికి ఎనభై తెచ్చుకునే పిల్ల. "ఇది ఎవరితో చెబుతున్నావమ్మా?" అన్నాను. "ఊళ్లోవాళ్లతో సార్." "మీ అమ్మగారితో దోమల సంగతి ఇలాగే మాట్లాడతావా?" ఆ పిల్ల నవ్వి, కాగితం తిరిగి తీసుకున్నది. ఇంకొక జట్టువాళ్లది ఇందుకు పూర్తిగా విరుద్ధం. వాళ్ల వీడియోలో దోమ తెరమీదికి రాగానే సినిమాలో ప్రతినాయకుడు దిగినట్టు సంగీతం, ఆపైన ఒక ఇంగ్లీషు మాట, ఆ వెనుక ఇంకొక ఇంగ్లీషు మాట. తెలుగు ఎక్కడుందా అని వెతుక్కోవలసి వచ్చింది.

నూరేళ్ల క్రిందట గిడుగు రామమూర్తిగారు జనం మాట్లాడే భాషలోనే చదువు చెప్పండయ్యా అని పండితులతో పోరాడారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని ఏటా మేము తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతాం. దండలు వేస్తాం, ఉపన్యాసాలిస్తాం. ఆ ఉపన్యాసాలు చాలావరకు ఆయన కాదన్న భాషలోనే ఉంటాయి. ఆయన చెప్పినదేమిటో నాకు ఎమ్మే క్లాసులోకంటే ఆ పల్లెటూరి అరుగుమీదనే బాగా బోధపడింది. వ్రాసిన ప్రతి ముక్కనూ ఊళ్లో ఎవరో ఒకరికి చదివి వినిపించాలని, వాళ్లు "అంటే?" అన్నచోటల్లా మార్చాలని ఒక నియమం పెట్టుకున్నాం. ఆ తరువాత శాస్త్రం తప్పిందేమో డాక్టరుగారు చూడాలి. భాషకు ఊరు, విషయానికి డాక్టరు. మధ్యలో ఈ తెలుగు మాష్టారికి మిగిలిన పనల్లా కామాలు పెట్టడం.

మొదటి వీడియో విరేచనాలమీద. విరేచనాలయ్యే పిల్లవాడికి ఓఆర్‌ఎస్ పట్టించమని చెప్పడానికి అర నిమిషం చాలదా అనుకున్నారు పిల్లలు. తీరా ఇళ్లకు వెళ్లి చూస్తే, ప్యాకెట్టు లేని ఇల్లు లేదు, సరిగా కలిపే ఇల్లు అరుదు. ఒకావిడ గ్లాసుడు నీళ్లలో చిటికెడు పొడి వేసి, మిగిలినది మడిచి అలమరలో దాస్తున్నది. ఇంకొకావిడ ప్యాకెట్టు మొత్తం ఒక్క గ్లాసులో గుమ్మరిస్తున్నది. మొదటిదానివల్ల ప్రయోజనం లేదు, రెండవదానివల్ల హాని. ప్యాకెట్టు మొత్తం ఒక లీటరు నీళ్లలో కలపాలి. కలిపినది ఇరవైనాలుగు గంటలలోపు వాడుకోవాలి, మిగిలితే పారబోయాలి. కాని లీటరు అంటే ఎంత? వంటింట్లో శేరు పోయింది, సోల పోయింది, లీటరు మాత్రం ఇంకా రాలేదు. చివరికి ఒక కుర్రవాడు బస్సులో కొనుక్కున్న మంచినీళ్ల సీసా తెచ్చి బల్లమీద పెట్టాడు. లీటరు సీసా! అది లేని ఊరుందా? వీడియోలో మాటకంటే ముందు ఆ సీసా కనబడుతుంది. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, చెంచాతో నెమ్మదిగా మళ్లీ పట్టించమని ఆవిడే, ఆ చిటికెడు పొడి ఆవిడే, కెమెరా ముందు చెప్పింది.

ఈ ఉప్పుచక్కెర నీళ్లకు ఒక కథ ఉంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బనగాఁవ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగింది. నరానికి ఎక్కించే సెలైను అయిపోయింది. డాక్టర్ దిలీప్ మహలనబిస్ అనే ఆయన ఉప్పు, గ్లూకోజు, కాస్త సోడా ఉప్పు నీళ్లలో కలిపి, డ్రమ్ముల్లో పోయించి, రోగుల బంధువులచేతనే పట్టించాడు. నూటికి ముప్పైదాకా ఉన్న చావులు నాలుగుకు లోపుగా తగ్గిపోయాయి. డాక్టర్లు కాదు, ఇంటివాళ్లు పట్టించారు. అదీ అందులోని గొప్ప. 2022లో ఆయన పోయిన తరువాత, 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు. ఈ కథకు మన ఊరి కొస కూడా ఒకటి ఉంది. ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టుకుని, చక్కెర దండిగా పోసిన పానీయాలు మందుల షాపుల్లోనే అమ్ముడయ్యేవి. అది తగదని హైదరాబాదులో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్‌గారు ఏళ్లతరబడి పోరాడారు; ఆమె కూడా తన మాట వీడియోల ద్వారానే జనానికి చెబుతూ వచ్చారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థవారు పానీయాల పేర్లలో ఆ మాట వాడరాదని ఉత్తర్వు చేశారు. ఒక మాటను అసలైనదానికే ఉంచడం కోసం ఇంత పోరాటం! మాటలు అమ్ముకుని బ్రతికే నావంటివాడికి ఇది చిన్న సంగతిగా తోచలేదు.

రెండవ వీడియో దోమలది. దోమకడుపులో మలేరియా సూక్ష్మజీవిని రొనాల్డ్ రాస్ కనిపెట్టినది మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న. ఆ తేదీనే లోకమంతా దోమల దినంగా పాటిస్తుంది. ఆ ముక్క వీడియోలో పెట్టాలని నేను ముచ్చటపడ్డాను. "బాగుంది సార్, కాని నిమిషంన్నరలో రాస్‌గారికి చోటు లేదు" అని మా శిష్యురాలు కొట్టివేసింది. అందుకే ఆ ముచ్చట ఇక్కడ తీర్చుకుంటున్నాను.

డెంగీ దోమ తీరు వేరు. అది పగలు కుడుతుంది. మురుగుకాలవకంటే, మనం శుభ్రంగా దాచుకున్న నీళ్లంటేనే దానికి ప్రీతి. గుడ్డు పెట్టిన వారం పది రోజుల్లో దోమ తయారవుతుంది. అందుకని వారానికొకసారి నీళ్లన్నీ పారబోసి, పాత్ర ఆరబెట్టమంటారు. పిల్లలు ఇదే వ్రాసుకుని ఆశా కార్యకర్తకు వినిపించారు. ఆవిడ శాంతంగా విని, "బాగానే ఉంది తమ్ముడూ. ఇక్కడ కొళాయి రెండు రోజులకొకసారి వస్తుంది, ఒక్కొక్కప్పుడు అదీ రాదు. పట్టుకున్న నీళ్లు పారబొయ్యమంటే నన్ను ఊళ్లోకి రానిస్తారా?" అన్నది. ఎవరికీ సమాధానం తోచలేదు. మళ్లీ మొదలుపెట్టారు. పారబొయ్యలేని నీళ్లను మూసిపెట్టాలి. మూతకు సందుంటే పాతచీరె కప్పి తాడుతో బిగించి కట్టాలి. గాబు ఖాళీ అయిన రోజున లోపలి గోడలను కొబ్బరిపీచుతో గట్టిగా రుద్దాలి. ఎందుకంటే ఆ దోమ గుడ్లు నీరు లేకపోయినా గోడకు అంటుకుని నెలల తరబడి బ్రతకగలవు. గాబు అనాలా, తొట్టి అనాలా అని ఒక వాదం నడిచింది. తెలంగాణ వైపు చుట్టరికం ఉన్న ఒక పిల్లవాడు గోలెం అన్నాడు. మా జిల్లావాళ్లకు చూపేదానిలో గాబు ఉంచి, గోలెంతో ఇంకొకటి చెప్పించి, వాడి మేనత్తగారి ఊరికి పంపాం.

దోమపిల్లల కోసం ఊరంతా గాలిస్తే ఎక్కువగా దొరికినది ఎక్కడనుకున్నారు? రోళ్లలో. మిక్సీలు వచ్చిన తరువాత పెరట్లోకి దొర్లించిన పాతరోళ్లు. కదిలించడానికి బరువు, అమ్మడానికి మనసొప్పదు, అత్తగారి జ్ఞాపకం. వానకు నిండి అలాగే ఉంటాయి. ఒక మామ్మగారు తన రోట్లో గిలగిలలాడుతున్న పురుగులను చూసి, "అయ్యో, ఇందులో మా అత్తగారు పచ్చడి నూరేదర్రా!" అని నొచ్చుకున్నది. ఆ మాటతోనే వీడియో మొదలవుతుంది. ఆ వెంటనే ఆవిడే రోటిని పక్కకు వొరిగించమని మనవడికి పురమాయిస్తుంది. ఆవిడకు ఎవరూ నేర్పలేదు.

పాముకాటు వీడియోకు డాక్టరుగారు ఎక్కువ పట్టుబట్టారు. వరిపొలాలు, గట్లు, గడ్డివాములు ఉన్నచోట అది ఏటా తప్పని ప్రాణభయం. ఇందులో చేయవలసినదానికన్నా చేయకూడనిదే ఎక్కువ. తాడుతో బిగించి కట్టకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు, మంత్రగాడి దగ్గర కాలం పోగొట్టకూడదు. ఉంగరాలు, మెట్టెలు, గాజులు తీసివేసి, కాటుపడిన కాలూ చెయ్యీ కదలకుండా పెట్టి, నడిపించకుండా, ఆసుపత్రికి తీసుకుపోవాలి. 2005లో మన రాష్ట్రంలో మొదలయిన 108 బండి ఇందుకు ఎంత ఆసరాయో వేరే చెప్పనక్కరలేదు. కట్లపాము మరీ మోసకారి. రాత్రిపూట నేలమీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి ఉండదు, గాటు కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు, కనురెప్పలు వాలిపోతాయి. నేలమీద పడుకున్నా దోమతెర పరుపు క్రిందికి దోపుకుంటే చాలావరకు తప్పించుకోవచ్చు. ఈ కడపటి ముక్క విన్న తరువాత మా శిబిరంలో స్కూలు గచ్చుమీద పడుకునే మగపిల్లలంతా దోమతెరల కోసం ఊరిమీద పడ్డారు. శ్రోతలను కదిలించడం అంటే అదే కాబోలు.

ఇక కుక్కకాటు. పిచ్చికుక్క విషం తలకెక్కి, రోగలక్షణాలు బయటపడిన తరువాత మనిషి బ్రతకడం దాదాపు లేదు. కాని కరిచిన వెంటనే జాగ్రత్తపడితే పూర్తిగా తప్పించుకోవచ్చు. 1885లో పాశ్చర్ ఆ టీకా మొదటిసారి ఒక పిల్లవాడికి వేసినప్పటినుంచీ లోకానికి ఈ సంగతి తెలుసు. ఆ జాగ్రత్తలో మొదటిది మందూ కాదు, సూదీ కాదు. ధారగా పడే నీళ్ల క్రింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగడం. కారం, సున్నం, పసరు పెట్టకూడదు. తరువాత టీకా, డాక్టరు చెప్పిన తేదీలన్నిటికీ, ఒక్కటి కూడా మానకుండా. లోతుగాయమైతే టీకాతోపాటు గాయంలోనే ఇవ్వవలసిన మరొక మందు ఉంది.

చిక్కంతా ఆ పదిహేను నిమిషాల దగ్గర వచ్చింది. నిమిషంన్నర వీడియోలో పదిహేను నిమిషాలు ఎలా చూపించడం? గడియారం ముల్లు గిర్రున తిప్పి చూపించారు. మామ్మగారికి చూపిస్తే, "కాసేపు కడగమంటున్నారు" అన్నది. "కాసేపు కాదు మామ్మా, పదిహేను నిమిషాలు." "అదేలేరా, కాసేపు." కరిచిన కంగారులో గడియారం చూసేదెవరు? బిడ్డ ఏడుస్తూ ఉంటే రెండు నిమిషాలు రెండు గంటలనిపిస్తుంది. పిల్లలు తలలు పట్టుకుని కూర్చున్నారు. మామ్మగారు పొయ్యి దగ్గరికి పోతూ పోతూ అన్నది: "ఎసట్లో బియ్యం పోసి గంజి వార్చేంతసేపు అని చెప్పండర్రా. ఎవరికి తెలియదు!"

ఒక పిల్ల ఫోనులో గడియారం పెట్టి చూసింది. ఆ రోజు మామ్మగారింట బియ్యం పోసినది మొదలు గంజి వార్చేదాకా పదహారు నిమిషాలు పట్టింది. డాక్టరుగారికి చెబితే, "ఒక్క నిమిషం ఎక్కువైతే నాకేమీ అభ్యంతరం లేదు" అని సంతకం చేసినంత పనిచేశారు.

ఇంతవరకు చెప్పినవన్నీ నవ్వుతూ చేసినవే. క్షయ మీద తీసిన వీడియో దగ్గర మాత్రం నవ్వులు ఆగిపోయాయి.

రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కళ్లె పరీక్ష చేయించుకోవాలి. మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. ఆరు నెలలకు తక్కువ కాకుండా వాడాలి. రెండు నెలలకే ఒళ్లు కుదుటపడి, చాలామంది మందు మానేస్తారు. అలా మానితే రోగం తిరగబెట్టడమే కాదు, మందుకు లొంగని జబ్బుగా మారే ప్రమాదం ఉంది. పౌష్టికాహారం కోసం రోగి ఖాతాలో 2018 నుంచి నెలకు 500 రూపాయలు వేసేవారు. 2024 నవంబరు నుంచి దానిని 1000 చేశారు. ఇదంతా చెప్పడానికి, రోగం వచ్చి నయమైన మనిషే చెబితే బాగుంటుందని పిల్లలు అనుకున్నారు. ఆ ఊళ్లో కుట్టుపని చేసుకునే ఒకావిడ, నలభై ఏళ్లుంటాయేమో, అంతకు కొద్దినెలల క్రితమే వైద్యం పూర్తిచేసుకున్నది. అడిగితే వెంటనే ఒప్పుకున్నది. కుట్టుమిషను ముందు కూర్చుని, ఎంత చక్కగా మాట్లాడిందని! మందు మింగలేక ఏడ్చిన రోజులు, పళ్లెం వేరుగా పెట్టిన తోడికోడలు, మానెయ్యాలనిపించినప్పుడు గుమ్మంలో నిలబడి మింగించిన ఆశా కార్యకర్త. అన్నీ చెప్పింది. అయిదు వీడియోలలోనూ అంత గొప్పది లేదు. తీసిన కుర్రవాడు సంతోషంతో ఆ రాత్రి భోజనం కూడా సరిగా చెయ్యలేదు.

భోజనాలయిన తరువాత మా శిష్యురాలు నా దగ్గరికి వచ్చి, "సార్, ఆవిడ కూతురికి సంబంధాలు చూస్తున్నారు" అన్నది.

అంతే. ఇంకొక మాట అనలేదు. అనవలసిన పని లేదు. మన ఇళ్లల్లో సంబంధం మాట్లాడేటప్పుడు అవతలివాళ్లు ఏమేమి ఆరా తీస్తారో పాఠకులకు తెలియనిది కాదు.

అర్ధరాత్రిదాకా వాదన జరిగింది. కుర్రవాడి మాట కొట్టిపారెయ్యదగినది కాదు. "రోగం వస్తే ముఖం దాచుకోవాలి అనే కదా సార్ జనం అనుకునేది? ఆవిడ ధైర్యంగా ముఖం చూపిస్తానంటే మనమే దాచమంటే, ఇక ఈ వీడియో దేనికి? మనం కూడా ఆ తోడికోడలి వైపేనా?" అన్నాడు. మా శిష్యురాలు, "ధైర్యం ఆవిడది. నష్టం ఆవిడ కూతురిది. ఆ పిల్లను ఎవరు అడిగారు?" అన్నది. నేను ఇద్దరి మాటా విన్నాను. ఇద్దరిదీ నిజమే. కాని ఫోనుకు ఒక గుణం ఉంది. వ్రాసిన కాగితం చింపవచ్చు, ఆడిన నాటకం తెర దించవచ్చు. ఒక ఫోనులోనుంచి ఇంకొక ఫోనులోకి పోయిన బొమ్మను వెనక్కి పిలవడం ఎవరి తరమూ కాదు. 2018లో మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదింటికి మించి పంపకుండా వాట్సాప్‌వారు కట్టడి పెట్టారు గాని, అయిదుగురు మరి అయిదుగురికి పంపితే ఎంతలో ఊరు దాటుతుంది? తోచినప్పుడు తీసేద్దాంలే అనే వెసులుబాటు ఇందులో లేదు.

మర్నాడు ప్రొద్దున్నే ముగ్గురం ఆవిడ ఇంటికి వెళ్లాం. కూతురు కూడా ఉన్నది. తల్లి చెప్పినదంతా ఆ పిల్లకు చూపించాం. చివరిదాకా చూసి, "అమ్మ బాగా చెప్పింది" అని, ఇంకేమీ అనకుండా లోపలికి వెళ్లిపోయింది. తల్లి కాసేపు ఆ తలుపువైపు చూసింది. "వద్దులే బాబూ, తీసెయ్యండి" అన్నది. కుర్రవాడు ఆవిడ ఎదుటనే ఫోనులోనుంచి దానిని తుడిపివేశాడు. వాడి ముఖం చూడలేకపోయాను. ఆవిడే వాడిని ఓదార్చవలసి వచ్చింది. "నాకూ బాధగానే ఉంది నాయనా, దానికోసం మంచి చీరె కట్టుకున్నానుగా!" అన్నది.

ఆవిడ చెప్పిన సంగతులను ఊరూ పేరూ ఆనవాలు లేకుండా మార్చి, మా శిష్యురాలు చదివింది. తెరమీద మందుబిళ్లలూ, నీళ్లగ్లాసూ, ఒక గుమ్మమూ తప్ప మనిషి కనబడదు. బాగానే ఉంది. ఆవిడ చెప్పినంత బాగా మాత్రం లేదు. మేము పట్నం చేరేదాకా ఆ కుర్రవాడు కిటికీలోనుంచి బయటికి చూస్తూనే కూర్చున్నాడు.

ఈ వీడియోలవల్ల ఎంత మేలు జరిగిందని ఎవరయినా అడిగితే, ఎంతమంది చూశారో ఫోను చెబుతుంది, చూసినవాళ్లలో ఎంతమంది చేశారో ఫోనుకు తెలియదు. చూడడం సులువు. గాబు రుద్దడం కష్టం. రెండు రోజులకొకసారి వచ్చే కొళాయి మేము వీడియో తీసినంత మాత్రాన రోజూ రాదు. టీకా ఆసుపత్రిలో ఉంటేనే, వేయించుకోమని చెప్పడానికి అర్థం. ఈ మాట పిల్లలకు నేను చెప్పలేదు, వాళ్లే కనిపెట్టారు. కొళాయిని గురించి ఊరివాళ్లచేత ఒక అర్జీ వ్రాయించి, సంతకాలు పెట్టించి వచ్చారు. ఆ అర్జీలోని తెలుగు చదివి నేను ఒక్క అక్షరం దిద్దలేదు.

2025 వేసవిలో ఆ ఆశా కార్యకర్త మా పిల్లలకు ఫోను చేసి ఒక కబురు చెప్పింది. మూడు కిలోమీటర్ల అవతల వేరే ఊళ్లో ఒక పసివాడిని కుక్క కరిచిందట. ఆ తల్లి ఆసుపత్రికి తీసుకువచ్చి, "గంజి వార్చేంతసేపు కడిగానండీ" అన్నదట. వీడియో చూశావా అని అడిగితే, ఏ వీడియో అన్నదట. ఆవిడ దగ్గరున్నది మాటలు మాత్రమే వినబడే చిన్నఫోను. చెరువుగట్టు దగ్గర ఎవరో అనుకుంటూ ఉండగా విన్నదట. పిల్లవాడికి టీకాలన్నీ అయినాయి, క్షేమంగా ఉన్నాడు. మామ్మగారి మాట ఫోనులో ఎక్కి, కొంతదూరం పోయి, అక్కడ ఫోను దిగి, నడిచి వెళ్లిందన్నమాట.

2025 డిసెంబరు శిబిరానికి ఆ కుర్రవాడు మళ్లీ పేరిచ్చాడు; క్షయ వీడియో తనకే కావాలన్నాడు. ఈసారి ముందే నాలుగు ప్రశ్నలు కాగితంమీద వ్రాసుకున్నాడు. చూస్తే ఎవరికి నష్టం? ఇంట్లో అందరూ ఒప్పుకున్నారా? పదేళ్ల తరువాత చూసినా ఒప్పుకుంటారా? తీసినది ముందుగా వాళ్లే చూశారా? ఆ కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, చివరకు డెబ్బై దాటిన ఒక పెద్దాయనను పట్టాడు. ఆయన ప్రశ్నలన్నీ ఓపికగా విని, "నాకిప్పుడు సంబంధాలు చూసేవాళ్లెవరూ లేరు గాని, ముందు గడ్డం గీయించుకు రానివ్వరా అబ్బాయ్!" అన్నాడు. వీడియోలో ఆయన ముఖం తళతళలాడుతూ ఉంటుంది. ఆయన కొడుకులు, కోడళ్లు, మనవలు అందరూ దానిని తమ తమ ఫోన్లలో తామే పెట్టుకున్నారు.

ఇంతదాకా ఓపికగా చదివిన పాఠకులకు నాదొక మనవి. పత్రిక మడిచి పక్కన పెట్టి, ఒక్కసారి పెరట్లోకి వెళ్లి, ఆ పాతరోలు ఏ స్థితిలో ఉందో చూసి రండి. సీరియలు తరువాత చదువుకోవచ్చు.